పద్నాలుగు వేల మందికి ఒకరు, అరవై లక్షల మందికి ఒకరు

మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో డీలిమిటేషన్ గొడవ మొదలైందంటే ఇక రెండు రోజులు వేరే మాట ఉండదు. జనాభా అదుపులో పెట్టుకున్నందుకు మనకి సీట్లు కోస్తారా అని ఒకడు, ఓటు అన్నాక యూపీలో అయినా ఏపీలో అయినా ఒకటే విలువ ఉండాలి కదా అని ఇంకొకడు, 1971 లెక్కలు పట్టుకుని ఇంకెన్నాళ్ళు వేలాడతారని మూడోవాడు. మొన్న ఒకడు మధ్యలో దూరి "అమెరికాలో ఇలాంటి పంచాయితీలు ఉండవురా, అక్కడ అంతా పద్ధతి ప్రకారం" అని తేల్చేశాడు. వాడికి గ్రూపులో జవాబు రాద్దామని మొదలుపెడితే అది సాగీ సాగీ ఇంత అయింది, అందుకే ఇక్కడ పెడుతున్నా.

ఇది నేనుండే కాలిఫోర్నియా స్టేట్ సెనేట్ సంగతి. ఇక్కడ సెనేటర్ అనగానే వాషింగ్టన్‌లో కూర్చునే ఇద్దరే గుర్తొస్తారు మనకి, కానీ ప్రతి రాష్ట్రానికీ దాని సొంత సెనేట్ ఉంటుంది (నెబ్రాస్కాలో అయితే ఉన్న సభ అదొక్కటే). మన శాసన మండలి లాంటిదే అనుకోవచ్చు గానీ, ఒకసారి రద్దు చేసి మళ్ళీ తెచ్చుకునే బాపతు కాదు, వీళ్ళని జనమే నేరుగా ఎన్నుకుంటారు, వీళ్ళు ఒప్పుకోకపోతే బిల్లు అక్కడే ఆగిపోతుంది. కాలిఫోర్నియాలో ఈ సెనేటర్లు 40 మంది, కింది సభ అసెంబ్లీలో 80 మంది.

ఆ 40 సీట్లలో 28వ నంబరు జిల్లా అని ఒకటి ఉండేది. సియెర్రా నెవాడా కొండలకి తూర్పున, నెవాడా రాష్ట్రం బార్డర్‌ని ఆనుకుని ఉన్న మూడు కౌంటీలు దాంట్లో, ఇన్యో, మోనో, ఆల్పైన్. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. 1960 జనాభా లెక్కల్లో ఇన్యోలో 11,684 మంది, మోనోలో 2,213 మంది, ఆల్పైన్‌లో అక్షరాలా 397 మంది. మొత్తం కలిపి 14,294. మన దగ్గర ఒక మేజర్ పంచాయతీలో ఇంతకన్నా ఎక్కువ ఓట్లు ఉంటాయి. వీళ్ళకి ఒక సెనేటర్. అదే ఏడాది లాస్ ఏంజలెస్ కౌంటీ జనాభా 60,38,771. వాళ్ళకీ ఒక్కరే సెనేటర్. అంటే ఇన్యోలో ఒక ఓటు ఎల్‌ఏలో 422 ఓట్లతో సమానం! పద్ధతిగా ఉంటుందన్న మా వాడికి ముందు ఈ ఒక్క అంకె పంపించా.

ఇది ఎవరో కుట్ర చేసి చాటుగా పెట్టింది కాదు, జనం ఓటేసి తెచ్చుకున్నదే. అంతకు ముందు రెండు సభలకీ జనాభానే లెక్క. 1920ల్లో ఎల్‌ఏ పుట్ట పగిలినట్టు పెరుగుతుంటే ఊళ్ళవైపు వాళ్ళకి భయం పట్టుకుంది, ఇలాగే వదిలేస్తే రేపు సెనేట్, అసెంబ్లీ రెండూ ఆ ఒక్క సిటీ చేతిలోకే పోతాయని. అప్పుడు రైతుల సంఘం ఫార్మ్ బ్యూరో వాళ్ళు ముందుకు తెచ్చిందే ఫెడరల్ ప్లాన్. అమెరికా సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే కదా, అలాగే మన సెనేట్‌లో ఎంత పెద్ద కౌంటీకైనా ఒక్కటే సీటు, చిన్న కౌంటీలని కలపాల్సి వస్తే మూడుకి మించి కలపకూడదు, ఇంతే రూలు. కాలిఫోర్నియాలో ఉన్నవి 58 కౌంటీలు, సీట్లు 40, లెక్క అలా సరిపెట్టారు. 1926 నవంబర్‌లో దీన్ని బ్యాలెట్ మీద పెడితే గెలిచింది. ఇష్టం లేనివాళ్ళు 1928లో మళ్ళీ ఓటుకి తెస్తే మళ్ళీ గెలిచింది. ఈ 28వ జిల్లాలో సరిగ్గా మూడే కౌంటీలు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైంది కదా, అంతకన్నా కలపడానికి వీల్లేదు మరి.

అసలు ఆ టైమ్‌లో ఇన్యోలో ఏం నడుస్తోందో చెప్పకపోతే ఈ కథలో సగం పోతుంది. ఓవెన్స్ లోయ ఇన్యో కౌంటీలోనే ఉంది. 1905 నుంచి ఎల్‌ఏ వాళ్ళు అక్కడ మెల్లగా భూములు కొంటూ, భూమితో పాటు నీటి హక్కులూ కొంటూ పోయారు, మొదట్లో ఎందుకు కొంటున్నారో కూడా సరిగా చెప్పకుండా. 1913 నవంబర్ 5న 233 మైళ్ళ కాలువ తెరిచారు. ఇంజనీర్ ముల్హాలండ్ ఆ రోజు జనానికి నీళ్ళు చూపించి ఇదిగో, తీసుకోండి అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. తీసుకున్నారు, మొత్తం తీసుకున్నారు. నది వెళ్ళి కలిసే ఓవెన్స్ సరస్సు 1920లు సగం గడిచేసరికి ఎండిపోయి ఉప్పుమేట వేసింది. 1924లో రైతులు కాలువకి డైనమైట్ పెట్టారు. అదే ఏడాది నవంబర్ 16న కొన్ని పదుల మంది లోన్ పైన్ ఊరికి కొంచెం ఉత్తరంగా అలబామా గేట్స్ అనే చోట కాలువ షట్టర్లు పట్టుకుని తిప్పేసి, ఎల్‌ఏకి పోయే నీళ్ళని పాత నదిలోకి వదిలేశారు. ఆ నీళ్ళ పక్కనే నాలుగు రోజులు కూర్చున్నారు. బిషప్ అనే ఊరి నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కుటుంబాలన్నీ గిన్నెలూ చెంబులతో దిగిపోయి అక్కడే వండుకు తిన్నారు, ఆ దగ్గర్లో సినిమా తీస్తున్న కౌబాయ్ హీరో టామ్ మిక్స్ తన వాద్య బృందాన్ని కూడా పంపాడంటారు. ధర్నా అంటే అలా ఉండాలి. నాకైతే మన ఊళ్ళలో కాలువ చివరి ఆయకట్టు రైతులు తూముల దగ్గర చేరే సీనే కళ్ళ ముందు ఆడింది.

కానీ ధర్నాతో నీళ్ళు ఆగలేదు. 1927 ఆగస్టులో లోయలో రైతులందరి డబ్బులూ ఉన్న వాటర్సన్ అన్నదమ్ముల బ్యాంకు మునిగిపోయింది, ఉద్యమానికి ముందు నడిచిన ఆ అన్నదమ్ములిద్దరే ఖాతాల్లో గోల్‌మాల్ చేసినందుకు జైలుకి పోయారు, అంతటితో లోయ నడుము విరిగింది. ఆ తర్వాత ఎల్‌ఏ మిగిలిన పొలాలూ ఊళ్ళలో ఇళ్ళూ షాపులూ కూడా చాలావరకు కొనేసింది. నిన్నటిదాకా సొంతదారులైనవాళ్ళు ఎల్‌ఏ సిటీకి లీజుదారులయ్యారు. ఇప్పటికీ ఇన్యోలో ప్రైవేటు భూమి రెండు శాతం కూడా లేదు, ఎక్కువ భాగం ఫెడరల్ ప్రభుత్వానిది, దాని తర్వాత పెద్ద భూస్వామి ఎల్‌ఏ నీటి శాఖే.

చూడండి తమాషా. నీళ్ళ యుద్ధంలో ఓడిపోతున్న టైమ్‌లోనే సెనేట్‌లో ఎల్‌ఏతో సమానంగా ఒక సీటు దొరికింది వీళ్ళకి. మరి ఆ సీటుతో ఏం సాధించారు?

1938లో ఈ సీటు నుంచి గెలిచినాయన పేరు చార్లెస్ బ్రౌన్. అందరూ చార్లీ బ్రౌన్ అనే పిలిచేవాళ్ళు, పీనట్స్ కార్టూన్‌లో అదే పేరున్న కుర్రాడు ఇంకా పుట్టలేదు అప్పటికి. పుట్టింది జార్జియాలో, పొట్ట చేత పట్టుకుని డెత్ వ్యాలీ ఎడారి పక్కన గ్రీన్‌వాటర్ అనే రాగి గనుల ఊరికి చేరాడు, అక్కడ డిప్యూటీ షెరీఫ్ పని చేశాడు. గనుల ఊరు ఎలా ఉంటుందో తెలిసిందే, రెండు మూడేళ్ళు జాతర, తర్వాత పిట్ట కూడా ఉండదు. గ్రీన్‌వాటర్ ఖాళీ అయ్యాక మామగారు డాడ్ ఫెయిర్‌బ్యాంక్స్‌తో కలిసి అక్కడి కొట్లూ షెడ్లూ విప్పి తెచ్చుకుని షోషోన్ అనే చిన్న రైల్వే స్టాప్ దగ్గర మళ్ళీ నిలబెట్టుకున్నారు. ఎడారి మధ్యలో కొట్టు నడుపుకునే మనిషి, కౌంటీ బోర్డులో సూపర్‌వైజర్‌గా చేసి, తర్వాత రాష్ట్ర సెనేటర్ అయ్యి, 1962 వరకు అంటే ఇరవై ఏళ్ళకు పైగా అదే సీట్లో ఉన్నాడు. పార్టీ డెమొక్రాట్, కానీ పద్నాలుగు వేల మంది ఉన్నచోట పార్టీ ఎవడు చూస్తాడు, చార్లీ మనోడా కాదా అన్నదే చూస్తారు.

ఆయన పేరు చెబితే రెండు విషయాలు గుర్తొస్తాయి అక్కడివాళ్ళకి. ఒకటి రోడ్లు, ఎడారిలో తారు రోడ్డు కావాలని రాష్ట్ర రాజధాని సాక్రమెంటోలో వెంటపడి సాధించుకున్న మనిషి, షోషోన్ నుంచి నెవాడాలో పారంప్ వైపు పోయే రోడ్డుకి ఇప్పటికీ ఆయన పేరే. రెండోది చార్లెస్ బ్రౌన్ యాక్ట్, 1945. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది ఇదే. పైన చెప్పా కదా, ఊళ్ళు ఊళ్ళే ఎల్‌ఏ సిటీకి లీజుదారులైపోయారని. ఆ లీజు అయిపోగానే సిటీవాళ్ళు ఇంకెవడికో ఎక్కువ పాటకి ఇచ్చేస్తే, తాతల నాటి నుంచి అదే కొట్టు నడిపేవాడు, అదే గడ్డి మీద పశువుల్ని మేపుకునేవాడు రోడ్డున పడాల్సిందే. ఒక సిటీకి వేరే కౌంటీలో భూములుంటే, వాటిని అమ్మాలన్నా మళ్ళీ లీజుకివ్వాలన్నా ముందు ఇప్పుడు అందులో ఉన్నవాడికే అవకాశం ఇవ్వాలి అన్నది ఈ చట్టం. చదివితే రాష్ట్రం మొత్తానికీ రాసినట్టే ఉంటుంది, మనసులో పెట్టుకుని రాసింది మాత్రం ఎల్‌ఏనీ ఇన్యోనీ. ఈ చట్టం పేరు ఇప్పటికీ ఆ లోయలో లీజుల గొడవ వచ్చిన ప్రతిసారీ వినిపిస్తుంది.

అరవై లక్షల మందికి ప్రతినిధి అయినవాడికి ఈ లీజు సంగతి తెలిసే ఛాన్సే లేదు, తెలిసినా అవతలి పక్షం వాడవుతాడు. సొంత సెనేటర్ ఉండటం అంటే ఇది అన్నమాట. అలాగని నీళ్ళు ఆగాయా? లేదు. బ్రౌన్ సెనేట్‌లో ఉన్నప్పుడే, 1941లో ఎల్‌ఏ ఇంకా ఉత్తరానికి వెళ్ళి మోనో సరస్సులో పడే వాగుల్ని కూడా మళ్ళించుకుంది. పైగా అది మోనో కౌంటీ, అదే 28వ జిల్లా. నలభైలో ఒక ఓటు ఒక ఓటే, వెనక పద్నాలుగు వేల మంది ఉన్నా అరవై లక్షలున్నా.

ఈ పద్ధతిలో ఊరి సెనేటర్లందరూ మంచివాళ్ళేం కాదు. తక్కువ ఓట్లున్న సీటు అంటే తక్కువ డబ్బుతో గెలిచే సీటు కూడా, సాక్రమెంటోలో లాబీయిస్టులకి, అంటే కంపెనీల తరపున చట్టసభలో పనులు చక్కబెట్టేవాళ్ళకి, పండగే. 1930ల్లో, 40ల్లో ఆర్టీ సామిష్ అనే లాబీయిస్టు సారా కంపెనీల తరపున, ఇంకా చాలామంది తరపున చట్టసభని ఎలా తిప్పేవాడో అతనే గొప్పగా చెప్పుకున్నాడు, ఆ గొప్పలే చివరికి కొంప ముంచాయి, 1953లో పన్ను ఎగ్గొట్టిన కేసులో శిక్ష పడింది. ఇంకోవైపు రాండాల్ఫ్ కొలియర్ లాంటివాళ్ళు. రాష్ట్రానికి ఆ చివర ఒరెగాన్ బార్డర్ దగ్గర వైరీకా అనే చిన్న ఊరాయన, కాలిఫోర్నియా ఫ్రీవేలకి పితామహుడు అంటారు. ఎల్‌ఏలో మనం రోజూ ట్రాఫిక్‌లో తిట్టుకునే ఫ్రీవేల చట్టం వెనక ఉన్నది ఒక కొండ ఊరి సెనేటర్. చెప్పినా మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

ఇక ఎల్‌ఏ వైపు చూస్తే, 1955 నుంచి రిచర్డ్ రిచర్డ్స్, ఆయన తర్వాత థామస్ రీస్, ఒక్కో మనిషి ఒక చిన్న దేశమంత జనానికి సెనేటర్. మరి ఆ జనం ఊరుకున్నారా అంటే, ఊరుకున్నారు! ఈ ఫెడరల్ ప్లాన్‌ని మార్చుదామని 1948లో, 1960లో, 1962లో మూడుసార్లు బ్యాలెట్ మీద పెట్టారు, మూడుసార్లూ రాష్ట్రం మొత్తం మీద ఓడిపోయింది. నీ ఓటుకి విలువ పెంచుతాం అంటే వద్దన్నారు. యథాతథ స్థితి వల్ల లాభం ఉన్న కంపెనీలు ప్రచారానికి బాగానే ఖర్చు పెట్టాయి, అది ఒక కారణం, రాష్ట్రం బానే నడుస్తోంది కదా కదపడం ఎందుకులే అనే మన మనస్తత్వం ఇంకో కారణం.

1948లో వద్దన్నవాళ్ళలో అప్పటి గవర్నర్ ఎర్ల్ వారెన్ కూడా ఉన్నాడు. కొన్ని కౌంటీలకి జనాభా తక్కువైనా రాష్ట్ర జీవితంలో వాటి ప్రాముఖ్యం చాలా ఎక్కువ, సెనేట్‌ని పూర్తిగా జనాభా లెక్కన పంచడం నాకిష్టం లేదు అన్నాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఆయన 1953లో అమెరికా సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ అయ్యాడు. 1962లో టెన్నెసీ కేసులో సీట్ల పంపకంలో కోర్టులు కలగజేసుకోవచ్చని తీర్పొచ్చింది. 1964 జూన్ 15న అలబామా కేసు, రెనాల్డ్స్ వర్సెస్ సిమ్స్, రాష్ట్రాల్లో రెండు సభలూ జనాభా లెక్కనే ఉండాలి అని 8-1 తీర్పు. ఆ తీర్పు రాసింది ఎవరనుకున్నారు, అదే వారెన్. ప్రతినిధులు మనుషులకి ప్రతినిధులు గానీ చెట్లకీ ఎకరాలకీ కాదు అన్న మాట అందులోదే. పదహారేళ్ళ కింద తాను సమర్థించిన దాన్ని తన చేత్తోనే కొట్టేశాడు. గవర్నర్‌గా ఉన్నప్పుడు తన అభిప్రాయం తప్పని తర్వాత ఒప్పుకున్నాడు కూడా.

మరి వాషింగ్టన్ సెనేట్ సంగతేంటి, అక్కడ వయోమింగ్‌కీ ఇద్దరే కాలిఫోర్నియాకీ ఇద్దరే కదా అని అడుగుతారు, కోర్టుకీ అదే ప్రశ్న వేశారు. రాష్ట్రాలు స్వతంత్రంగా ఉండి కలిసి దేశం కట్టుకున్నాయి, కౌంటీలు అలా కాదు, రాష్ట్రం తన పరిపాలన కోసం గీసుకున్న గీతలు మాత్రమే అన్నారు. నాకు ఈ వాదన సగమే ఎక్కుతుంది. కాలిఫోర్నియా మాత్రం ఎప్పుడు స్వతంత్ర దేశం, 1846లో కొందరు తిరగబడి ఎలుగుబంటి జెండా ఎత్తిన ఆ కొన్ని రోజులు తప్ప? అదే రోజు కొలరాడో కేసులో ఇంకో మాట కూడా అన్నారు, జనమే ఓటేసి అసమానంగా పంచుకున్నా అది చెల్లదు, ఒక మనిషి హక్కుని మెజారిటీ ఓటుతో తీసేయలేరు అని. కాలిఫోర్నియా ఇన్నిసార్లు ఓటేసి నిలబెట్టుకున్న ప్లాన్‌కి అసలు దెబ్బ అక్కడ తగిలింది. ఫిల్ సిల్వర్ అనే ఎల్‌ఏ లాయర్ వేసిన కేసులో 1965లో కాలిఫోర్నియా సెనేట్ మ్యాప్ చెల్లదని ఖాయమైంది. కొత్త మ్యాప్‌తో 1966లో ఎన్నికలు. ఒకే ఒక్క సీటున్న ఎల్‌ఏ కౌంటీకి ఒక్క దెబ్బకి డజనుకి పైగా వచ్చాయి, పాత సెనేటర్లు బోలెడుమంది ఇంటికి పోయారు. రాజ్యాంగాన్నే సవరించి ఈ తీర్పుని తిప్పికొట్టాలని ఇల్లినాయ్ సెనేటర్ డర్క్‌సన్ వాషింగ్టన్‌లో చాలా తిప్పలు పడ్డాడు, కుదరలేదు.

ఇన్యో, మోనో, ఆల్పైన్‌ల సొంత సీటు పోయింది. అప్పటి నుంచి ప్రతి పదేళ్ళకీ ఒకసారి ఎవరో ఒకరి మ్యాప్‌కి చివర తగిలిస్తూ వచ్చారు. ఒక దశాబ్దం బేకర్స్‌ఫీల్డ్ రాయ్ ఆష్‌బర్న్ ఇన్యోకి సెనేటర్, ఆ తర్వాతి దశాబ్దం చివర్లో ఫ్రెస్నో ఆండ్రియాస్ బోర్జియస్. ఒక్కోసారి ఆ మూడు కౌంటీలు ఒకే జిల్లాలో కూడా లేవు. ఫ్రెస్నోకీ బిషప్‌కీ మధ్య సియెర్రా కొండలు అడ్డం, నేరుగా దాటే రోడ్డే లేదు, ఉత్తరాన ఉన్న కనుమ దారి చలికాలం మూసేస్తారు, చుట్టూ తిరిగి పోవాలి. సెనేటర్ గారి ఆఫీసుకి వెళ్ళి అర్జీ ఇచ్చి రావాలంటే ఒక పూర్తి రోజు ప్రయాణం.

ఇక్కడిదాకా వింటే అయ్యో పాపం ఊళ్ళకి అన్యాయం జరిగింది అనిపిస్తుంది, మా గ్రూపులో సీట్లు కోస్తారని గోల పెట్టినవాడికీ అలాగే అనిపించి "చూశావా, అందుకే సీట్లు కోయకూడదు" అన్నాడు. ఆగు తమ్ముడూ, ఇక్కడే కథ తిరుగుతుంది. సీటు పోయిన తర్వాతే వీళ్ళు నీళ్ళ విషయంలో గెలవడం మొదలుపెట్టారు.

1970లో ఎల్‌ఏ రెండో కాలువ తెరిచి భూగర్భ జలాలు తోడటం మొదలుపెట్టింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో పర్యావరణ చట్టం వచ్చింది. 1972లో ఇన్యో కౌంటీ ఆ చట్టం పట్టుకుని ఎల్‌ఏ మీద కేసు వేసింది, కేసు సాగీ సాగీ 1991లో ఒప్పందం కుదిరింది, 2006 డిసెంబర్‌లో ఓవెన్స్ నది కింది భాగంలోకి తొంభై ఏళ్ళ తర్వాత నీళ్ళు వదిలారు. మోనో సరస్సు విషయంలో 1983లో రాష్ట్ర సుప్రీంకోర్టు, సరస్సుల్లాంటివి ప్రజలందరి ఆస్తి, నీటి హక్కు ఉంది కదా అని ఎండగట్టడానికి వీల్లేదు అనే అర్థం వచ్చే తీర్పిచ్చింది, 1994లో నీటి బోర్డు సరస్సు మట్టం 6,392 అడుగులకి చేరాలని ఆర్డరేసింది. ఇంకా చేరలేదు, అది వేరే విషయం.

అన్నిటికన్నా నాకు ముచ్చటేసింది దుమ్ము కథ. ఎండిపోయిన ఓవెన్స్ సరస్సు మీద గాలి లేస్తే అమెరికాలోనే ఎక్కడా లేనంత దుమ్ము, ఊపిరితిత్తుల్లోకి పోయే సన్న దుమ్ము, లేచేది. 1974లో గాలి కాలుష్యం చూడటానికి గ్రేట్ బేసిన్ అని ఒక ఎయిర్ డిస్ట్రిక్ట్ పెట్టారు. దాని కింద ఉన్న కౌంటీలు ఏవో తెలుసా? ఇన్యో, మోనో, ఆల్పైన్. చచ్చిపోయిన 28వ సెనేట్ జిల్లా మ్యాపే మళ్ళీ లేచొచ్చింది! బోర్డులో ఒక్కో కౌంటీ నుంచి ఇద్దరేసి, మామత్ లేక్స్ టౌన్ నుంచి ఒకరు. పన్నెండు వందల మంది ఉన్న ఆల్పైన్‌కీ ఇద్దరే, పంతొమ్మిది వేల మంది ఉన్న ఇన్యోకీ ఇద్దరే, పాత ఫెడరల్ ప్లాన్ స్టైల్లో. ఈ చిన్న బోర్డు ఫెడరల్ క్లీన్ ఎయిర్ చట్టాన్నీ 1983 నాటి ఒక రాష్ట్ర చట్టాన్నీ చేత పట్టుకుని ఎల్‌ఏ మెడ మీద కూర్చుంది. 1998లో ఎల్‌ఏ దిగొచ్చి సంతకం పెట్టింది, 2001 నుంచి సరస్సు నేల మీద నీళ్ళు చల్లడం, గులకరాళ్ళు పరచడం, ఉప్పు గడ్డి పెంచడం, ఇవన్నీ ఎల్‌ఏ నీటి బిల్లులు కట్టేవాళ్ళ డబ్బుతో. ఇప్పటిదాకా వంద కోట్ల డాలర్లు దాటేసింది ఖర్చు. ఆ బిల్లు కట్టేవాళ్ళలో నేనూ ఒకడిని కాబట్టి ఎవరి పక్షమో తేల్చుకోలేక నవ్వుకుంటూ కట్టేస్తున్నా.

అందుకే నా లెక్కేంటంటే, 422కి ఒకటి అన్నది ఏ రకంగానూ సమర్థించలేం, కోర్టు చేసింది కరెక్టే. సెనేట్‌లో సీటు ఉండి కూడా ఇన్యో నీళ్ళు కాపాడుకోలేకపోయింది, ఆ పని చేసింది చట్టమూ కోర్టూ ఒక చిన్న బోర్డూ. సీటు వల్ల దొరికింది చార్లీ బ్రౌన్ లాంటి మనిషి, ఇంటి లీజు కాగితం సంగతి కూడా తెలిసిన మనిషి. 1966లో పోయింది అది, అది తక్కువ నష్టమేం కాదు.

ఇప్పుడు ఈ మూడు కౌంటీలూ 4వ నంబరు సెనేట్ జిల్లాలో ఉన్నాయి, 2022 నుంచి. డెత్ వ్యాలీ దగ్గర మొదలుపెట్టి కొండలకి అవతల మొడెస్టో వైపు దాకా, పదికి పైగా కౌంటీలు, కొన్ని మొత్తంగా కొన్ని ముక్కలుగా. 2020 లెక్కల్లో ఇన్యో 19,016, మోనో 13,195, ఆల్పైన్ 1,204, కలిపితే 33 వేల చిల్లర. జిల్లా మొత్తంలో దగ్గర దగ్గర పది లక్షలు. అంటే వందకి మూడు, నాలుగు ఓట్లు. పోటీ చేసేవాళ్ళు బిషప్‌లో మీటింగ్ పెట్టకపోయినా వాళ్ళకి పోయేదేం లేదు.

2022లో ఇక్కడ జరిగిన ఎన్నిక అయితే కామెడీ సినిమానే. కాలిఫోర్నియాలో 2010లో జనం ఓటేసి తెచ్చిన టాప్-టూ పద్ధతి ఉంది, ప్రైమరీలో అన్ని పార్టీలవాళ్ళూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, ముందొచ్చిన ఇద్దరు, ఏ పార్టీ అయినా సరే, నవంబర్‌కి వెళ్తారు. ఇది రిపబ్లికన్లకి మొగ్గున్న జిల్లా. రిపబ్లికన్లు ఆరుగురు నిలబడ్డారు, డెమొక్రాట్లు ఇద్దరే. ఆరుగురూ ఓట్లు చీల్చుకుని చీల్చుకుని, చివరికి నవంబర్‌కి వెళ్ళింది ఇద్దరు డెమొక్రాట్లు! అలా మేరీ అల్వరాడో-గిల్ గెలిచారు. 2024 ఆగస్టులో ఆవిడ డెమొక్రటిక్ పార్టీ వదిలేసి రిపబ్లికన్ పార్టీలోకి దూకేశారు. జంపింగ్ జపాంగ్‌లు మన దగ్గరే ఉంటారనుకునేవాళ్ళకి ఇది అంకితం, ఇక్కడైతే ఫిరాయింపుల చట్టం కూడా లేదు, స్పీకర్ దగ్గర పెండింగ్‌లో పెట్టాల్సిన పని కూడా లేదు.

అసలు జబ్బు మ్యాపులో కాదు, ఆ 40 అనే అంకెలో ఉంది అని నాకు అనిపిస్తుంది. 1879 రాజ్యాంగంలో పెట్టిన అంకె అది. 1880లో రాష్ట్ర జనాభా 8,64,694, అంటే సెనేటర్‌కి సుమారు 21,600 మంది. ఇప్పుడు 3 కోట్ల 95 లక్షలు, సెనేటర్‌కి 9 లక్షల 88 వేలు. వాషింగ్టన్‌లో కింది సభ మెంబర్‌కి ఉన్న జనం కన్నా ఇది ఎక్కువ, కాలిఫోర్నియా నుంచి అక్కడ 52 మంది ఉన్నారు మరి. 2011 లెక్కల ప్రకారం ఆంధ్రాలో 175 మంది ఎమ్మెల్యేలు, తెలంగాణలో 119 మంది, ఒక్కొక్కరికి మూడు లక్షలకి కాస్త తక్కువ. మన ఎమ్మెల్యే పెళ్ళికొస్తాడు, చావుకొస్తాడు, పెన్షన్ ఆగితే ఇంటి ముందు కూర్చోవచ్చు. ఇక్కడ అరవై మైళ్ళకో ఊరున్న చోట పది లక్షల మందికి ఒకరు. 1880 నాటి లెక్కే ఇప్పుడూ ఉంటే ఓటు విలువ సమానంగా ఉంటూనే ఈ మూడు కౌంటీలకీ సొంత సెనేటర్ ఉండేవాడు, ఇంకా మిగిలేది కూడా. కాకపోతే సెనేట్‌లో 1,800 మంది కూర్చోవాలి.

నవ్వకండి, జాన్ కాక్స్ అనే వ్యాపారవేత్త అంతకన్నా పెద్ద ప్లానే వేశాడు. ప్రతి నియోజకవర్గాన్నీ వాడల్లాగా చిన్న చిన్న ముక్కలు చేసి మొత్తం పన్నెండు వేల మందిని ఎన్నుకుందాం, వాళ్ళలోంచి కొందరే సాక్రమెంటోకి వెళ్తారు, మిగతావాళ్ళు ఊళ్ళోనే ఉండి జనానికి అందుబాటులో ఉంటారు అని. దాన్ని బ్యాలెట్ మీదకి ఎక్కించడానికి చాలాసార్లు ప్రయత్నించాడు, ఒక్కసారి కూడా ఎక్కలేదు. 2018లో ఆయనే గవర్నర్‌గా పోటీ చేసి గావిన్ న్యూసమ్ చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. ఈ ఐడియా గ్రూపులో పెడితే, సీట్లు కోస్తారని రెండు రోజులుగా ఏడుస్తున్నవాడే ముందుగా రిప్లై ఇచ్చాడు, "ఉన్నవాళ్ళకి జీతాలిచ్చేది చాలదా, ఇంకా పన్నెండు వేల మందా?" అని.